కట్టు కొన్నాళ్ళకే

ఆటస్థలంలో చీలమండ బెణికితే కొందరు "బెణుకే కదా" అని కుంటుతూనే తిరుగుతారు. మరికొందరు పిండికట్టు వేయించుకొని నెలల తరబడి మంచం దిగరు. రెండూ హానికరమే.

ఎముకను ఎముకతో బంధించే పట్టీ వంటి కణజాలమే లిగమెంటు. పాదం లోపలికి మడతపడితే వెలుపలి వైపు లిగమెంటు సాగుతుంది, లేదా తెగుతుంది. నాలుగడుగులైనా వేయలేని స్థితి ఉంటే ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించి చూడవలసిందే.

2009లో 'లాన్సెట్' వైద్యపత్రిక తీవ్రమైన బెణుకు గల 584 మందిపై ఇంగ్లండులో జరిగిన పరిశోధనను ప్రకటించింది. మోకాలి దిగువన 10 రోజులు పిండికట్టుతో ఉన్నవారు, సాగే గొట్టపుకట్టు మాత్రమే తొడుక్కున్నవారికన్నా 3 నెలలనాటికి మెరుగ్గా కోలుకున్నారు; 9 నెలలనాటికి ఆ భేదం మిగలలేదు. కట్టు మేలు చేసిన మాట నిజమే. కాని అది 10 రోజుల కట్టు! దీర్ఘకాలం కదలని కాలిలో పిక్క కండరం క్షీణిస్తుంది, కీలు బిగుసుకుంటుంది. నేలపై భోజనానికి, నమాజులో మోకాళ్ళపై కూర్చునే మనకు ఆ బిగువు నిత్యబాధ.

కట్టు విప్పడంతో వైద్యం ముగియదు. పాదాన్ని క్రమంగా ఆడించడం, ఒంటికాలిపై నిలదొక్కుకోవడం వైద్యుని సలహాతో అభ్యసించాలి. బంతులకూ బహుమతులకూ వ్యయం చేసే కళాశాలలు ఈ అభ్యాసం నేర్పడం కూడా తమ బాధ్యతగా భావించాలి. కోలుకోని కాలితో విద్యార్థిని మళ్ళీ బరిలోకి దింపడం ప్రోత్సాహం కాదు, అన్యాయం.