మన ఇల్లు – మన పనిముట్లు: కప్పడం వేరు, కాపాడడం వేరు



ఈ నెల కంప్యూటరు లోపలి వేడిని గూర్చి వ్రాస్తున్నాము. పొలం పనులు చేసుకునే మాకు ఇదెందుకు అని కొందరు అనుకోవచ్చు. అయితే ఇప్పుడు అనేక గ్రామ సంఘములలో మందిరపు గదిలో ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంటున్నది. పిల్లల చదువు నిమిత్తము పాత కంప్యూటరు కొనుక్కున్న కుటుంబములూ ఉన్నవి. కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న వస్తువు వేసవిలో పాడైపోతే ఆ బాధ మనందరికీ తెలిసినదే.

మా సంఘములో జరిగినది చెబుతాము. మా కంప్యూటరుకు దుమ్ము పట్టకూడదని స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ ఎంతో ప్రేమతో గుడ్డ తొడుగు కుట్టి ఇచ్చింది. చుట్టూ లేసు, ముందు ఒక పువ్వు. చూచినవారందరూ మెచ్చుకున్నారు. యౌవనస్థులు ఆ తొడుగును ముందువైపు మాత్రమే పైకెత్తి, మీట నొక్కి, పని చేసుకునేవారు. వెనుక భాగమంతా కప్పుకొనే ఉండేది.

మే నెల వచ్చింది. అరగంట పని చేసేసరికి కంప్యూటరు దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. మేము వైరస్ అనుకున్నాము. కరెంటు హెచ్చుతగ్గులనుకున్నాము. ఒక భాగము మార్పించి ఖర్చు పెట్టాము, గుణము కనిపించలేదు. చివరకు ఒక సాయంకాలము పాస్టరమ్మగారు దాని వెనుక చెయ్యి పెట్టి, "అయ్యా, ఇది పొయ్యి వెనుక గోడలా కాలిపోతున్నదండీ!" అన్నారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ వారములోనే హార్డ్ డిస్క్ పనిచేయడం మానేసింది. రెండు సంవత్సరముల బాప్తిస్మముల, వివాహముల వివరములు అందులోనే ఉన్నవి. వేరొక నకలు మేము తీసి ఉంచలేదు. ఇంటింటికీ తిరిగి వాటిని మళ్ళీ వ్రాసుకోవలసి వచ్చింది. వేడి ఒక్కటే కారణమని రిపేరు చేసినవారు తేల్చి చెప్పలేదు. కానీ మూత తీసి చూపించినప్పుడు లోపల దుమ్ము దూదిలా పేరుకొని ఉన్నది.

ఇంత వేడి ఎక్కడినుండి వస్తుంది? కంప్యూటరు త్రాగిన కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. అందులో ఎక్కువ పని చేసేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళ. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసర్లు సుమారు 15 వాట్ల వేడిని ఇచ్చేవి. నేటి డెస్క్‌టాప్‌లలో సాధారణముగా వాడే ప్రాసెసర్లకు చెప్పే లెక్క 65 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బును వెలుగుతుండగా ముట్టుకున్నవారికి ఆ వేడి ఎంతో తెలుసు. అంత వేడి ఇక్కడ తపాలా బిళ్ళంత చోటునుండి బయటకు రావాలి.

అందుకే ప్రాసెసరు మీద అల్యూమినియం రేకులు వరుసగా పేర్చిన దిమ్మె ఒకటి, దాని మీద ఒక ఫ్యాను బిగిస్తారు. వేడి గంజిని చెంబులో ఉంచితే త్వరగా చల్లారదు, వెడల్పు పళ్ళెములో పోస్తే చల్లారుతుంది. ఆ రేకులు చేసే పని అదే. వేడిని ఎక్కువ వెడల్పున పరచి గాలికి అప్పగిస్తవి. ప్రాసెసరుకు, ఆ దిమ్మెకు నడుమ కంటికి కనబడని సందులు ఉంటవి. వాటిలో గాలి నిలిస్తే వేడి దాటదు. అందుచేత అక్కడ థర్మల్ పేస్టు అనే ముద్దను పూస్తారు. కందిగింజంత చాలు. కొన్ని సంవత్సరములకు అది ఎండిపోతుంది. అప్పుడు తెలిసినవారిచేత పాతది తుడిపించి కొత్తది పెట్టించాలి.

రేకులనుండి గాలిలోకి వచ్చిన వేడి ఇంకా పెట్టెలోనే ఉంటుంది. అది బయటకు పోవడానికి దారి కావాలి. సాధారణముగా ముందునుండి చల్లగాలి లోపలికి వస్తుంది, వెనుకనుండి వేడిగాలి బయటకు పోతుంది. వంటింట్లో పొగగొట్టము మూసివేస్తే ఏమవుతుందో, ఈ వెనుక దారి మూసివేస్తే అదే అవుతుంది.

ఇంకొక సంగతి. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలికంటే లోపలి భాగములను చల్లగా చేయలేదు. గదిలో 42 డిగ్రీలుంటే లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. కనుక రేకుల షెడ్డులో, ఎండ పడే కిటికీ ప్రక్కన కంప్యూటరును పెట్టకూడదు. వేసవిలో పెద్ద పనులు ఉదయమే ముగించుకోవడం మంచిది.

వేడి ఎక్కువైతే ప్రాసెసరు తన వేగము తానే తగ్గించుకుంటుంది. సుమారు 100 డిగ్రీల దరికి చేరితే కాలిపోకుండా యంత్రము ఆగిపోతుంది. మా కంప్యూటరు అరగంటకొకసారి ఆగిపోయినది మమ్ములను విసిగించుటకు కాదు, తన్ను తాను కాపాడుకొనుటకు. మేము గ్రహించలేదు. ఇతర భాగములకు ఇటువంటి కాపుదల అంతగా లేదు. కెపాసిటర్లు అనే చిన్న డబ్బాల వంటి భాగములలో కొన్నింటి లోపల ద్రవము ఉంటుంది. వేడికి అది క్రమముగా ఆరిపోతుంది. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు.

ఇక మనము చేయదగినవి వ్రాస్తాము.

కంప్యూటరు పెట్టెను నేలమీద పెట్టవద్దు. ఊడ్చినప్పుడు లేచే దుమ్మంతా లోపలికి పోతుంది. ఒక స్టూలుమీద, గోడకు కనీసము జానెడు దూరముగా పెట్టండి. తలుపులున్న బీరువాలో బిగించి ఉంచవద్దు. వెనుక భాగములో ఊడిపోయిన రేకు పలకలుంటే వేయించండి. ఆ సందులలోనుండి బల్లులు, బొద్దింకలు దూరుతవి. ప్రక్క మూత తీసి టేబులు ఫ్యాను పెట్టేవారున్నారు. ఆ పూటకు కొంత చల్లబడవచ్చు గాని, దుమ్ము రెట్టింపు చేరుతుంది. నీళ్ళ కూలరు తడిగాలిని సూటిగా దానిమీదికి రానీయవద్దు.

రెండు మూడు నెలలకొకసారి లోపల శుభ్రము చేయండి. మొదట కంప్యూటరును సరిగా ఆపి, ప్లగ్గు పూర్తిగా ఊడదీయండి. తరువాత మీటను కొద్ది క్షణములు నొక్కి పట్టుకోండి. పెట్టెను వసారాలోకి తీసుకొనిపోయి, చల్లారిన తరువాత ప్రక్క మూత తీయండి. ముందుగా పెట్టె ఇనుప భాగమును చేతితో తాకండి. మన ఒంటిలోని స్థిర విద్యుత్తు లోపలి భాగములకు హాని చేయకుండా అది ఆపుతుంది. మెత్తని పెయింటు బ్రష్షుతో రేకుల నడుమనున్న దుమ్మును దులపండి. గాలి కొట్టే బ్లోయరు వాడితే, ఫ్యాను రెక్క తిరగకుండా వ్రేలితో పట్టుకోండి. తడిగుడ్డ వాడవద్దు. కరెంటు వచ్చే సప్లై డబ్బాను మాత్రము ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయమైన కరెంటు నిలిచి ఉండవచ్చు. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

ఫ్యాను మోత పెరిగినా, పని మందగించినా, ఉన్నట్టుండి ఆగిపోయినా, మొదట వెనుక చెయ్యి పెట్టి చూడండి. అన్నిటికంటే ముఖ్యముగా, విలువైన వివరములకు వేరొక చోట నకలు తీసి ఉంచండి. వస్తువును మరల కొనుక్కోగలము, పోయిన వివరములను కొనలేము.

జరిగినది తెలిసి ఆ పెద్దమ్మ ఎంతో బాధపడింది. "నేను కుట్టిన గుడ్డే దాన్ని చంపింది గదా, బాబూ" అని కన్నీళ్ళు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు. కప్పి ఉంచితే కాపాడినట్లే అనుకున్న మాది. పైన లేసు ఉతికి ఆరవేస్తూ వచ్చాము గాని, రెండేళ్ళలో ఒక్కసారైనా మూత తీసి చూడలేదు.

గిన్నెకు వెలుపల మాత్రమే శుద్ధి చేసేవారిని మన ప్రభువు గద్దించిన సంగతి మనకు తెలుసు. ఇళ్ళలోనూ ఇట్లే జరుగుతుంటుంది. అన్నదమ్ముల నడుమ ఒక మాట వస్తుంది. పదిమందికి తెలియకూడదని దానిని కప్పి ఉంచుతాము. లోపలి వేడికి దారి ఉండదు. చివరకు ఒకనాడు అంతా ఆగిపోతుంది. ఆదివారము వేసుకొనే తెల్లబట్టలు ఆ వేడిని తగ్గించలేవు. కూర్చొని, మూత తీసి, మెల్లగా దులుపుకోవడమే మార్గము.

ఆ పెద్దమ్మ కుట్టిన తొడుగు ఇప్పటికీ మా గదిలో ఉన్నది. పని మొదలుపెట్టకముందే దానిని పూర్తిగా తీసి, మడిచి, కుర్చీమీద పెడతాము. పని ముగిసి, యంత్రము చల్లారిన తరువాతనే మళ్ళీ కప్పుతాము. మూత తీసే రోజున బ్రష్షు పట్టుకొని అందరికంటే ముందు వచ్చేది కూడా ఆమెయే.

దేవుడు మీ కుటుంబములను, మీ చేతి పనులను దీవించును గాక.