‘నే’ దగ్గర అందరూ ఒకటే

ఆమధ్య బందరు వెళ్తూ దారిలో ఒక హైస్కూల్లో ఆగాను. భోజనాలయ్యాక మొదటి పీరియడు, ఎనిమిదో తరగతి, హిందీ. సగం క్లాసు కునికిపాట్లలో ఉంది. టీచరుగారు బోర్డు మీద ‘నేను రొట్టె తిన్నాను’ అని తెలుగులో రాసి, హిందీలో చెప్పమన్నారు.

ముందు లేచినవాడు టైల్స్ పనికి బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీ కొడుకు. ‘హమ్ రోటీ ఖాయే’ అన్నాడు తడుముకోకుండా. వెనక బెంచీలోంచి ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు ‘మై రోటీ ఖాయా’ అన్నాడు. మూడో గొంతు పక్కా తెలుగింటి అమ్మాయిది. ఆమె జవాబూ అదే. పుస్తకం ప్రకారం ముగ్గురిదీ తప్పే. ‘మైఁనే రోటీ ఖాయీ’ అనాలి. ‘నే’ చేరాలి, రొట్టె స్త్రీలింగం కాబట్టి క్రియ దాని వెంట నడవాలి.

తప్పు ఒకటే గానీ ముగ్గురూ అక్కడికి మూడు దారుల్లో వచ్చారు. భోజ్‌పురీ, మైథిలీ ఇళ్లలో ఆ ‘నే’ వినపడదు. మన ముస్లిం ఇళ్ల దక్కనీలోనూ లేదు. ఇక తెలుగు సంగతి చెప్పేదేముంది? మనకు అమ్మ వచ్చినా, బండి వచ్చినా ‘వచ్చింది’ ఒక్కటే. రొట్టె ఆడదెట్లా అయిందని మన పిల్లలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

టీచరుగారు ఎవర్నీ కోప్పడలేదు. వెనక బెంచీ పిల్లాణ్ణి పిలిచి, ‘వస్తానని చెప్పాడు’ అన్నది మీ ఇంట్లో ఎలా అంటారురా అని అడిగారు. ‘ఆతుఁ బోల్కే బోల్యా’ అన్నాడు వాడు సిగ్గుపడుతూ. ఇంటి మాట బళ్లో పలకడం వాడికి అదే మొదలేమో. ఆ ‘బోల్కే’ కింద ఆవిడ గీత గీసి, పక్కన ‘అని’ రాశారు. శతాబ్దాలుగా పక్కపక్కన బతికిన రెండు భాషలు ఒకదాని నడక ఒకటి నేర్చుకున్న సంగతి బోర్డు మీద రెండు మాటల్లో తేలిపోయింది. కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.

తర్వాత నోట్సులు తిరగేశాను. బిహారు పిల్లవాడి అక్షరాలకు పైగీత లేదు. ఒక మాట హిందీ లిపిలో మొదలై తెలుగు లిపిలో ముగిసింది. ఆ అమ్మాయి దస్తూరీ ముత్యాలకోవ, గైడులోంచి దించిన సెలవుచీటీతో సహా. పరీక్షలో ఆమెదే పైచేయి. ఉత్తరాదిలో ఏ రైల్వే జంక్షన్‌లోనో దారి తప్పితే మాత్రం వాడి వెంటే నడవాలి. ఇద్దరిలో ఎవరికి హిందీ వచ్చినట్టు?

హిందీ మనకు కావాలా వద్దా అన్న తగువు ఇక్కడ నా విషయం కాదు. బళ్లో పెట్టాక ఎలా చెబుతున్నామన్నదే ప్రశ్న. ఆరో తరగతిలో అక్షరాలు మొదలవుతాయి. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 మార్కులు రావాలి, హిందీకి 20 చాలు. దయతో పెట్టిందే కావచ్చు, పిల్లలు మాత్రం దాన్ని ‘ఇంతే చాలు’ అని చదువుకున్నారు. పేపరంతా రాతే, నోరు విప్పి మాట్లాడినందుకు ఒక్క మార్కూ లేదు. (ఇంటర్‌కు వచ్చాక ఇది ఇంకా ముదిరి, సంస్కృతం జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లిషులోనో రాసి నూటికి దగ్గరగా తెచ్చుకుంటారు. దాన్ని భాషాధ్యయనం అనడానికి నాకు నోరు రాదు.)

ఈ డెల్టాకు ఇంతకన్నా మంచి పద్ధతి తెలియక కాదు. 1918లో గాంధీజీ మద్రాసులో హిందీ ప్రచారం మొదలుపెట్టించి, తొలి ప్రచారకుడిగా కొడుకు దేవదాసును పంపారు. ఆ ప్రచారంలో ఎదిగినవారిలో కృష్ణా జిల్లా దొండపాడులో 1902లో పుట్టిన మోటూరి సత్యనారాయణ ఒకరు. ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్‌కు మూలపురుషుడు ఆయనే. ఉద్యోగానికీ వ్యవహారానికీ పనికొచ్చే ‘ప్రయోజనమూలక హిందీ’ కావాలని పట్టుబట్టినవాడు. ఆ ప్రచారం నడిపిన హిందీ ప్రచార సభ పరీక్షల్లో ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ మెట్లుండేవి. గుమాస్తా అయినా గృహిణి అయినా తనకు ఎంత వచ్చో ఆ మెట్టు మీద కూర్చునేవారు. ‘విశారద పాసయ్యాను’ అని వయసు మళ్లినా చెప్పుకునే ఆడవాళ్లు మన ఇళ్లలో ఉండేవారు. మన బడి మాత్రం పుట్టిన తేదీ చూసి బెంచీ ఇస్తుంది.

ఇలాంటి మెట్లతోనే యూరప్ మండలి 2001లో భాష ఎంత వచ్చో చూసే ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలమానం ప్రకటించింది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం దేనికది విడిగా కొలుస్తారు. మాటలో పై మెట్టున, రాతలో కింది మెట్టున ఉన్న మనిషి అక్కడ మొద్దు కాదు. ఆ కొలతతో చూస్తే మన బిహారు పిల్లవాడూ కాడు.

వందలో ఇరవై మార్కులు మాట్లాడినందుకు పెడితే బాగుంటుంది కదా అన్నాను, వరండాలో నడుస్తూ.

టీచరుగారు నవ్వారు. ‘పెడితే అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తారండీ. ఇంటర్నల్ మార్కులున్నన్నాళ్లూ జరిగిందేంటి? అందుకేగా 2019లో తీసేశారు.’

నా దగ్గర జవాబు లేకపోయింది. కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి బిహారు పిల్లవాడి నోట్సు లాక్కుని అక్షరాల మీద పైగీతలు గీస్తోంది. వాడు ‘ఖాయా కాదు, ఖాయీ’ అని ఆమెను దబాయిస్తున్నాడు. ‘నే’ సంగతి ఇద్దరూ మళ్లీ మర్చిపోయారు.