తరగతి గదిలో ల్యాప్‌టాప్ - విద్యార్థి స్వభావం

తరగతి గదిలో ల్యాప్‌టాప్ వాడకం వలన చదువుకు మేలు కలుగుతుందా, కీడు కలుగుతుందా అన్నది విద్యారంగంలో చాలాకాలంగా చర్చనీయాంశము. ఒకే పరికరం ఒకరికి సాధనమై, మరొకరికి అవరోధమవుతుంది. దీనికి విద్యార్థుల స్వభావ భేదాలు, అభ్యసన శైలులు కారణమని పలువురు భావిస్తారు. ఈ రెండింటికీ గల ఆధారాలు సమానమైనవి కావు.

== అభ్యసన శైలులు ==
1992లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 'వార్క్' అనే నమూనాను ప్రతిపాదించారు. ఇందులో దృశ్య, శ్రవణ, పఠన-లేఖన, చలన అనే నాలుగు అభిరుచులు ఉన్నాయి. చూసి నేర్చుకొనేవారికి తెర, విని నేర్చుకొనేవారికి ఉపన్యాసం తగినవన్న వాదన ఇటువంటి నమూనాల నుండి పుట్టినదే. అయితే 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటి పరిశోధనలను సమీక్షించి, శైలికి తగినట్లు బోధిస్తే ఫలితాలు మెరుగవుతాయనడానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు. ఒక పద్ధతి నచ్చడం వేరు, ఆ పద్ధతిలోనే బాగా నేర్వగలగడం వేరు.

== స్వభావము ==
మనస్తత్వ శాస్త్రం వ్యక్తిత్వాన్ని ఐదు ప్రధాన గుణాలుగా విభజిస్తుంది. వీటిలో చదువుతో ఎక్కువ సంబంధం ఉన్నది బాధ్యతాగుణమని 2009లో ఆర్థర్ పోరోపాట్ చేసిన సమీక్షలో వెల్లడైనది. అంటే పనిని వాయిదా వేయకుండుట, క్రమము, పట్టుదల. ఈ గుణం తక్కువగా ఉన్నవారిని ఇంటర్నెట్ సులభంగా పక్కదారి పట్టించగలదని ఊహించవచ్చు.

== పరిశోధనలు ==
* 2013లో కెనడాలో ఫారియా సనా, సహచరులు జరిపిన ప్రయోగంలో, ల్యాప్‌టాప్‌పై వేరే పనులు చేసినవారికే గాక, వారి తెర కనబడేలా కూర్చున్నవారికి కూడా మార్కులు తగ్గాయి.
* 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ చేతితో నోట్సు రాసుకున్నవారు భావనాత్మక ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని ప్రకటించారు. 2021లో ఇదే ప్రయోగాన్ని మరల చేసినపుడు ఈ తేడా కనబడలేదు.
* 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం అమెరికా సైనిక అకాడమీ (వెస్ట్ పాయింట్)లో కంప్యూటర్లను అనుమతించిన తరగతులలో పరీక్షా ఫలితాలు 0.18 ప్రామాణిక విచలనం మేర తగ్గాయి.

== విశ్లేషణ ==
వెస్ట్ పాయింట్ విద్యార్థులు క్రమశిక్షణకు పేరొందినవారు. అక్కడే ఫలితాలు తగ్గాయంటే, "మంచి విద్యార్థికి హాని లేదు" అనే మాట నిలవదు. కెనడా ప్రయోగాన్ని బట్టి చూస్తే, ఒకరి స్వభావలోపానికి పక్కవారు కూడా మూల్యం చెల్లిస్తారు. కావున దీనిని కేవలం వ్యక్తిగత ఇష్టంగా భావించరాదు.

అలాగని పూర్తి నిషేధం కూడా పరిష్కారం కాదు. దృష్టిలోపము, చేతివ్రాతలో ఇబ్బంది ఉన్నవారికి ల్యాప్‌టాప్ తప్పనిసరి కావచ్చు. వారికి మాత్రమే మినహాయింపు ఇస్తే వారి వైకల్యం తరగతి అంతటికీ వెల్లడవుతుంది. తెర వాడేవారిని వెనుక వరుసలలో కూర్చోబెట్టుట, అవసరమైన సమయంలోనే తెరిపించుట మధ్యేమార్గాలు.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైనందున ఈ చర్చ తెలుగువారికీ సంబంధించినదే. పరికరం చేతికి ఇవ్వడం సులభం. దానిని ఎప్పుడు మూయాలో నేర్పుట ఉపాధ్యాయుని పని. పిల్లలకు "దృశ్య", "శ్రవణ" అని ముద్రలు వేయుటకన్నా ఇది ముఖ్యము.

== ఇవి కూడా చూడండి ==
* మనస్తత్వ శాస్త్రం
* విద్య
* కంప్యూటరు