చల్లదనానికీ లెక్క ఉండాలి

దేశ రాజధాని తాగే పాలకు, తినే పండ్లకు సుదూర ప్రాంతాలే ఆధారం. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు రేణిగుంట నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు ‘దూద్ దురంతో’ రైలులో పాలు తరలించారు. అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం పండ్లతో కిసాన్ రైలు ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు బయలుదేరింది. రాయలసీమ రైతు శ్రమకు ఆజాద్‌పూర్ మండీలో ధర పలకాలంటే సరకు త్వరగా చేరితే చాలదు, చెడకుండా చేరాలి.

ఆ విషయంలో మన పరిస్థితి ఆశాజనకంగా లేదు. పంటకోత సమయంలోనూ, ఆ తరువాతా జరుగుతున్న నష్టాలు ఏటా రూ. 92,651 కోట్లని లూధియానాలోని కోతానంతర సాంకేతిక పరిశోధన సంస్థ 2015లో అంచనా వేసింది. అదే ఏడాది జాతీయ శీతల గొలుసు అభివృద్ధి కేంద్రం వెలువరించిన అధ్యయనం మరో వాస్తవాన్ని వెల్లడించింది. శీతల గిడ్డంగుల సామర్థ్యం 3.51 కోట్ల టన్నులు అవసరం కాగా, 3.18 కోట్ల టన్నుల మేరకు అప్పటికే ఉంది. శీతల వాహనాలు మాత్రం దాదాపు 62 వేలు కావలసి ఉండగా పది వేల లోపే ఉన్నాయి. అంటే అసలు లోపం గిడ్డంగిలో కంటే దారిలోనే ఎక్కువన్నమాట.

ఉన్న వాహనాలైనా సక్రమంగా పనిచేస్తున్నాయా అన్నది మరో ప్రశ్న. డీజిల్ మిగుల్చుకునేందుకు దారిలో శీతల యంత్రాన్ని ఆపివేసి, గమ్యం సమీపించాక తిరిగి నడిపించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యమే. పగటిపూట భారీ వాహనాల ప్రవేశంపై ఆంక్షలున్న ఢిల్లీ పొలిమేరల్లో, 45 డిగ్రీల ఎండలో లారీ గంటల తరబడి నిలిచిపోతే ఆ సరకు గతి ఏమిటో ఊహించవచ్చు. తలుపు తెరిచేసరికి పెట్టె చల్లగానే ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే సాక్షి ఉండదు.

ఆ సాక్ష్యాన్ని అందించేవే లారీలో అమర్చే సెన్సర్లు. లోపలి ఉష్ణోగ్రతను, తలుపు తెరిచిన వేళలను, వాహనం ఉన్న చోటును అవి ఎప్పటికప్పుడు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కార్యాలయానికి చేరవేస్తాయి. సిగ్నల్ లేని చోట నమోదు చేసుకుని, అందిన వెంటనే పంపుతాయి. ఈ విధానం మనకు కొత్త కాదు. 2015లో ఆరంభమైన ‘ఈవిన్’ వ్యవస్థ ప్రభుత్వ టీకా నిల్వ కేంద్రాల్లోని ఉష్ణోగ్రతలను ఇలాగే గమనిస్తోంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన టీకాల్లో కొన్ని వేడికే కాక గడ్డకట్టినా పాడవుతాయన్నది గమనార్హం.

అయితే సెన్సర్ చల్లదనాన్ని పుట్టించదు. చల్లగాలి వెలువడే చోట బిగిస్తే, తలుపు దగ్గరి సరకు వేడెక్కుతున్నా అంతా సవ్యమేనని చూపుతుంది. ఎక్కడ అమర్చాలో, ఎంత కాలానికొకసారి సరిచూడాలో నిబంధన ఉండాలి. అంతకంటె ముఖ్యమైనది, ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలన్నది. రవాణా సంస్థ వద్దనే ఉండిపోతే సరకు పంపిన రైతు సంఘానికీ, కొన్న వర్తకునికీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. చాలీచాలని డీజిల్ ఖర్చుతో కిరాయి ఒప్పందం కుదిర్చి, తప్పంతా డ్రైవర్‌పై నెట్టడానికి ఈ యంత్రం సాధనం కారాదు.

శీతల వాహనాల కొనుగోలుకు ఉద్యాన మిషన్ కింద సబ్సిడీ ఇస్తున్న కేంద్రం, ప్రయాణమంతటి ఉష్ణోగ్రత పట్టికను వే బిల్లుతో పాటే సరకుదారుకు అందజేయాలని షరతు విధించవచ్చు. ఒకటి రెండు లారీలతో బతుకుతున్న చిన్న యజమానులకు ఆ పరికరం ఖర్చులో తోడ్పడడం కూడా అవసరం. తూకంలో తేడా వస్తే నిలదీసే హక్కు రైతుకు ఉన్నట్లే, దారిలో చల్లదనం తగ్గితే నిలదీసే హక్కూ ఉండాలి.