పట్టూ విడుపూ

పట్టూ విడుపూ తెలిసిన మనిషి అంటే మనలో పెద్ద మెప్పు. కోడళ్ళున్న అత్తగార్లకూ, గుమాస్తాలున్న ఆఫీసర్లకూ ఈ విద్య ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. ఇదే విద్యను లోహంతో చేసి చేతికిచ్చినట్టుండే యంత్రం ఒకటుంది. సముద్రంలో పెద్ద చేపల్ని గాలంతో పట్టేవాళ్ళ రీలు అది.

అమెరికాలో గాల్వెస్టన్ రేవు దగ్గిర ఉద్యోగం చేసుకుంటున్న పాఠకులొకరు ఉత్తరం రాశారు. సెలవు రోజున మరపడవ మీద వేటకు వెళ్ళడం ఆయన సరదా. "మూడు పెద్ద చేపలు గాలం పట్టి కూడా తెంచుకుపోయాయి. దారం సగానికి పైగా పోయేసరికి గాభరాపడి మర బిగించాను. అయినా దక్కలేదు. రీలు పాడైందా, నా చెయ్యి మంచిది కాదా?" అని అడిగారు. చెయ్యి సంగతి జ్యోతిష్కులు చూసుకుంటారు. మనం రీలు సంగతి చూద్దాం.

నడుస్తున్న పడవ వెనకాల ఎరను ఈడ్చుకుంటూ పోయే ఈ వేటను ట్రోలింగ్ అంటారు. ఎరను అందుకునేది మన విశాఖ తీరంలో కొమ్ముకోనాం అనే చేపకు దాయాదులైన మార్లిన్లూ, పెద్ద టూనాలూను. గాలం తగిలిందో లేదో, వందల గజాలు ఒక్క పరుగు తీస్తాయి. అప్పుడు దారాన్ని బిగబట్టామా, తెగుతుంది. వదిలేశామా, మొత్తం పోతుంది. కొంత పట్టుతో కొంత విడిచే బ్రేకు కావాలి. దాని పేరే డ్రాగు.

ఒకప్పుడు ఈ బ్రేకు లేదు. కాలిఫోర్నియా ఎదుట ఉన్న కాటలీనా ద్వీపంలో 1898 లో చార్లెస్ హోల్డర్ 183 పౌన్ల టూనాను పట్టిన రోజుల్లో, దారం చుట్టిన కండె మీద తోలుముక్క పెట్టి బొటనవేలితో అదిమేవారు. చేప పరుగెత్తితే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్ళు విరగ్గొట్టేది. తర్వాత విలియం బోషెన్ అనే వేటగాడి ఆలోచన ప్రకారం, బ్రూక్లిన్‌లోని జూలియస్ వామ్ హాఫ్ లోపల బ్రేకున్న రీలు తయారుచేశాడు. 1913 లో బోషెన్ అదే కాటలీనా దగ్గిర 355 పౌన్ల కత్తిచేపను పట్టాడు. 1953 లో పెరూ దేశపు కాబో బ్లాంకో దగ్గిర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ 1560 పౌన్లు. అంటే మన లెక్కలో ఏడు క్వింటాళ్ళు! ఇలాంటిది బొటనవేలికి లొంగే వ్యవహారం కాదు. హెమింగ్వే 1952 నవలలోని ముసలి జాలరికి రీలు లేదు గనక, పాపం, వీపూ అరచేతులే బ్రేకులయ్యాయి.

ఈ బ్రేకులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. లోహపు వాషరూ, రాపిడి వాషరూ, మళ్ళీ లోహపు వాషరూ, ఇలా అట్ల దొంతరలా పేర్చి ఉంటాయి. పిడి దగ్గరున్న నక్షత్రం ఆకారపు మర తిప్పితే దొంతర బిగుస్తుంది. చేప లాగుడు ఆ రాపిడిని మించినప్పుడు మాత్రమే వాషర్లు జారి దారం పోతుంది.

జబ్బు చేసినప్పుడు ముందు నాడి చూడాలి గదా! ఒకరు దారం లాగుతూ ఉంటే మీరు రీలును కనిపెట్టండి. పిడి కదలకుండా కండె మాత్రమే తిరుగుతుంటే డ్రాగు పనిచేస్తున్నట్టే. కండె కదలకుండా దారం జారిపోతుంటే తప్పు డ్రాగుది కాదు. నున్నటి అల్లిక దారాన్ని వట్టి కండె మీద చుట్టినప్పుడు వచ్చే తంటా ఇది. అడుగున కొంత నైలాన్ దారం చుట్టి, దాని మీద దీన్ని చుడితే సరిపోతుంది. పిడే వెనక్కి తిరుగుతుంటే, దాన్ని అడ్డుకోవలసిన లోపలి కొక్కెం అరిగిపోయిందన్నమాట.

దారం జర్రుజర్రున ఆగి ఆగి వస్తోందా? వాషర్లు గట్టిపడి ఉంటాయి, లేదా ఉప్పూ మట్టీ చేరి ఉంటాయి. ఎద్దుబండి కదిలేటప్పుడున్నంత బరువు కదిలాక ఉండదు చూడండి, రాపిడీ అంతే. ఆ మొదటి కుదుపులోనే దారాలు తెగుతాయి. ఎంత బిగించినా పట్టు చిక్కకపోతే వాషర్లు అరిగి ఉండాలి, లేదా పొడిగా ఉండవలసిన వాటికి నూనె తగిలి ఉండాలి. విప్పేటప్పుడు వరస గుర్తుంచుకుని, తుడిచి, వంకరపోయినవీ అరిగినవీ మార్చండి. కార్బన్ వాషర్లకు డ్రాగు కోసమే చేసిన గ్రీజు పలచగా రాయవచ్చు. కుట్టుమిషను నూనె మాత్రం దగ్గరికి రానివ్వకండి సుమా!

ఇక బిగింపు ఎంత? చేతి అంచనా పనికిరాదు. దారాన్ని గెడ ఉంగరాల్లోంచి తీసి స్ప్రింగు త్రాసుకు కట్టి, నిదానంగా లాగి చూడాలి. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. 80 పౌన్ల దారానికి 20 నుంచి 26 పౌన్లు.

మన పాఠకుని జవాబు ఇక్కడే ఉంది. నిండు కండె మీద 26 పౌన్లకు బిగించారనుకోండి. దారం పోయినకొద్దీ కండె సన్నబడుతుంది. చుట్టు సగం లావుకు వచ్చేసరికి, మీరు మర ముట్టుకోకపోయినా, అదే బిగింపు 52 పౌన్లవుతుంది! పైగా నీళ్ళలో ఉన్న అంత పొడుగు దారాన్ని ఈడవడం చేపకు మరో బరువు. ఆ సమయంలో ఇంకాస్త బిగించడమంటే తెగేదాకా లాగడమే. దారం పోయినకొద్దీ మర సడలించాలి. మనసు ఒప్పదు, నిజమే. పోయేవాణ్ణి గట్టిగా పట్టుకోవాలనే గదా ఎవరికైనా అనిపిస్తుంది!

వేట అయ్యాక డ్రాగు బిగించి రీలును మంచినీళ్ళతో మెల్లగా కడగండి. గొట్టంతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. ఆరాక మర పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి అటక ఎక్కిస్తే వాషర్లు నలిగి ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఇదంతా వేటగాడి సరదా కోసమే అనుకోకండి. దారం తెగితే ఆయనకు పోయేది ఒక చేప. ఆ చేప మాత్రం నోట్లో గాలంతో, వెనకాల వందల గజాల దారం ఈడ్చుకుంటూ, ఎక్కడ చిక్కుకుంటుందో తెలియకుండా పోతుంది. పట్టదలుచుకుంటే సరిగా పట్టాలి, వదలదలుచుకుంటే గాలం తీసి వదలాలి. ఆ రెంటికీ చేప పడవ దాకా రావాలి. ఈసారి వెళ్ళేటప్పుడు ఒక స్ప్రింగు త్రాసు వెంట తీసుకువెళ్ళండి.