ఉద్యోగము, అధికారము, ఆలోచన



బెజవాడనుండి ఏలూరునకు పోవు రాజమార్గమున హనుమాన్ జంక్షన్ కలదు. ఒక ప్రక్కనుండి గుడివాడ దారియు, మరియొక ప్రక్కనుండి నూజివీడు దారియు అచ్చట వచ్చి కలియును. కూడలియందలి ఆంజనేయస్వామి ఆలయమే ఆ యూరికి పేరు తెచ్చినది. ఆ స్వామి చరిత్రమును కొంచెము తలపోయుడు. సుగ్రీవునికడ ఆయన మంత్రి. సీతాన్వేషణమున కార్యభారము వహించిన సేవకుడు. విభీషణుడు శరణు వేడివచ్చినపుడు సుగ్రీవాదులు శంకింపగా, అతనిని చేరదీయుట తగునని శ్రీరామునకు హితము చెప్పిన ఆలోచనపరుడును ఆయనయే. పనులు మూడు, బుద్ధి ఒక్కటియే.

మన యిండ్లలో బిడ్డ చదువు ముగిసినతోడనే "సర్కారు కొలువు దొరకినదా?" యని అడుగుట పరిపాటి. కొలువు దొరకినచో జన్మము తరించినట్లును, వదలినచో కొంప మునిగినట్లును తలంతుము. కొలువు చేయుట, అధికారము నిర్వహించుట, ఇతరులకు ఆలోచన చెప్పుట యను మూడును ఒకే విద్యకు మూడు దారులని తెలిసినచో ఈ భయము కొంత తగ్గును. ఇందుకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితమే సాక్ష్యము.

వారి పూర్వులు మన తెలుగునాటి మోక్షగుండము గ్రామమువారు. 1861లో మైసూరు సీమయందలి ముద్దెనహళ్లిలో ఆయన జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో చదువుకొనునపుడు పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులు గడుపుకొనెను. 1884లో బొంబాయి ప్రభుత్వమున ఇంజనీరుగా చేరి, పూనా దగ్గరి ఖడక్వాస్లా జలాశయమునకు 1903లో, వరద వచ్చినపుడు తమంతట తామే తెరచుకొను తలుపులను అమర్చెను. 1908లో కొలువు వదలెను. ఇంక పెన్షను పుచ్చుకొని ఇంట కూర్చుండెనా?

ఆ యేడు సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములను బలిగొనెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము ఆయన సలహా కోరెను. నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టి వరదనీటిని నిలుపవలెనని ఆయన చెప్పెను. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఆ చెరువులే ఆ నగరపు కడవలను కూడ నింపినవి. నేడు "కన్సల్టెంటు" అని పిలువబడువాని పని ఇదియే.

తరువాత ఆయన మైసూరు దివాను. 1912 మొదలు 1918 వరకు ఆ పదవియందుండగా 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినవి. వెనుకబడిన వర్గములకు ఉద్యోగములందు ప్రత్యేక స్థానమిచ్చు విషయమున మహారాజుతో అభిప్రాయభేదము కలుగగా ఆయన పదవి విడిచెను. ఆ విషయమున మహారాజు పక్షమే న్యాయమని నాకు తోచుచున్నది. అయినను, ఒప్పుకొనలేని పనిని పదవికొఱకు చేయకుండుట గొప్పయే. 1955లో భారతరత్నమై, 1962లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

మన కృష్ణాతీరముననే మరియొకరు కలరు. కంకిపాడున 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారు ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేసి, నాగార్జునసాగర నిర్మాణ రచనలో పాల్గొని, 1962లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికై, పిదప కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి మంత్రియైరి. పులిచింతల ప్రాజెక్టు నేడు వారి పేరనే యున్నది.

మూడు దారులకును ధర్మము వేరు. కొలువున నున్నవాడు ఆజ్ఞను సరిగా నెరవేర్పవలెను. అధికారి తన ఆజ్ఞకు ప్రజలకు జవాబు చెప్పుకొనవలెను. సలహాదారునకు ఆజ్ఞయు లేదు, బలగమును లేదు, మాటయే మూలధనము. నిన్నటి పరిచయములను నేడు అమ్ముకొన్నచో ఆ ధనము కరగిపోవును. అందుచేతనే ఐ.ఏ.ఎస్. మొదలగు అఖిల భారత సేవలందలివారు పదవీ విరమణ చేసిన యేడాదిలోపల వ్యాపారసంస్థలందు చేరదలచినచో ప్రభుత్వానుమతి పొందవలెనని నిబంధన యేర్పడినది.

ఇది మగవారి ముచ్చటయే గదా యందురేమో! ఆంధ్రప్రదేశమున పంచాయతీలందు సగము స్థానములు స్త్రీలవి. 2019లో గ్రామ సచివాలయములు నెలకొన్నపుడు ఎందరో యువతులు కొలువులలో చేరిరి. కాని సర్పంచి పేరు భార్యది, పెత్తనము భర్తది యగుచోట్లు ఇంకను కలవు. పెండ్లియైనతోడనే కొలువు మానిపింపబడిన పిల్లను "ఇంక ఆ చదువు వ్యర్థము" అనువారును కలరు. ఇది మనము సహింపరాదు. పదవి నెలజీతముతో పోవును గాని, లెక్క చూడనేర్చిన కన్ను, కాగితము చదివి లోపము పట్టగల బుద్ధి పోవు. అట్టి కోడలు ఊరి మురుగుకాల్వ అంచనాను చూచి ప్రశ్నింపగలదు. స్వయముగా గ్రామసభలో లేచి మాటలాడగలదు. పొదుపు సంఘమునకు దారి చూపగలదు.

కావున, అమ్మలారా! కూతురికి కొలువు వచ్చునా రాదా యని మాత్రమే అడుగక, ఏ పని చక్కగా నేర్చినదని అడుగుడు. కొలువు మానవలసివచ్చిననాడు ఆమె విద్యను అటకమీద పెట్టింపకుడు. ఇంటిలో ఒక నిర్ణయము చేయునపుడు ముందు ఆమె ఆలోచన అడుగుడు. ఇంట విలువలేని మాటకు ఊర విలువ యెక్కడిది?