సేఫ్ కాలనీ ఎవరికి సేఫ్?

“సార్, ఇది చాలా సేఫ్ కాలనీ. గేటుంది, సెక్యూరిటీ ఉంది, సీసీ కెమెరాలున్నాయి. అన్నిటికీ మించి అంతా మనవాళ్ళే.”

హైదరాబాదు శివార్లలో ఫ్లాటు చూడబోయిన మా బావమరిదితో ఒక బ్రోకరు అన్న మాటలివి. పక్కన నేనూ ఉన్నాను. మావాడు గవర్నమెంటు ఇంజనీరు. ఇరవయ్యేళ్ళు అద్దె కొంపల్లో కాలం గడిపి, కూడబెట్టిన నాలుగు డబ్బులకి బ్యాంకు అప్పు కలుపుకొని ఇల్లు కొందామని బయలుదేరాడు.

“మనవాళ్ళంటే ఎవరండీ?” అని అడిగాను.

బ్రోకరు నవ్వాడు. “అదే సార్, డీసెంట్ ఫ్యామిలీలు. అలాంటోళ్ళని రానివ్వరు. అసోసియేషనోళ్ళు ఒప్పుకోరు.” ఆపైన మావాడి వైపు తిరిగి, “ఇంతకీ మీ ఇంటిపేరు ఏంటన్నారు సార్?” అన్నాడు.

‘అలాంటోళ్ళు’ ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నారు. మావాడు ఇంటిపేరు చెప్పలేదు. ఊరిపేరు చెప్పి మాట మార్చాడు. తిరిగొచ్చేటప్పుడు నామీదే విసుక్కున్నాడు. “కాలనీ బాగానే ఉంది గదా బావా, ఎందుకు గెలికావు? వచ్చే ఆదివారం అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నా. వాళ్ళకి మనమెవరమో తెలిస్తేనేగా గొడవ?”

నా జవాబు ఇది. మావాడొక్కడికే కాదు. ఉద్యోగం సంపాదించి, పల్లె దాటి, పట్నంలో ఇల్లు కొనుక్కోవాలనుకునే ప్రతి మాల, మాదిగ బిడ్డకీ ఇదే జవాబు.

సేఫ్ అంటే ఏంది? దొంగలు రారని. వరద రాదని. పిల్లకాయలు బయట ఆడుకోవచ్చని. ఇవన్నీ అందరికీ కావలసినవే, మనకీ కావాలి. కానీ ఆ బ్రోకరు నోట్లో సేఫ్ అనే మాటకి ఇంకో అర్థముంది. మనం లేకపోవడమే సేఫ్! మనల్ని బయట పెట్టడానికే ఆ గోడ. మనం రాకుండా చూడటానికే ఆ గేటు. అలాంటి గోడ లోపలికి పేరు దాచుకొని దూరితే మనకి రక్షణ దొరుకుద్దా?

అసలు మనం ఊళ్ళొదిలి పట్నం ఎందుకొచ్చాం? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల చేరారు. చాలామంది మళ్ళీ ఆ ఊరికి పోలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని పొలాల్లో తరిమి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఊరు మనకి సేఫ్ కాదని మన నెత్తురే చెప్పింది. అందుకే పట్నానికొచ్చాం. పట్నంలో కులం ఉండదన్నారు. ఉండకేం? ఊళ్ళో కనపడేది పట్నంలో లిఫ్టెక్కి మూడో అంతస్తులో కూర్చుంది. ఊళ్ళో “ఏరా, ఎవరి కొడుకువిరా?” అంటారు. ఇక్కడ “మీ ఇంటిపేరు సార్?” అంటారు. ప్రశ్న ఒకటే, మర్యాదే తేడా.

పేరు దాచుకొని ఇంట్లో ఉండటం ఎట్లా ఉంటదో బాబాసాహెబ్ అంబేడ్కర్‌కి తెలుసు. 1917లో అమెరికా, ఇంగ్లండులలో చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికొస్తే, అంత పెద్ద ఊళ్ళో ఆయనకి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని గుంపు వచ్చి పడింది. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమంది. విదేశీ డిగ్రీలు కాపాడలేదు. మార్చుకున్న పేరూ కాపాడలేదు. రైలు వేళయ్యేదాకా పార్కులో కూర్చొని బొంబాయి వెళ్ళిపోయాడు.

అదే అంబేడ్కర్ 1930లలో సొంత ఇల్లు కట్టుకున్నది ఎక్కడ? బొంబాయి దాదర్‌లో, హిందూ కాలనీ అనే పేటలో. పేరు మార్చుకొని కాదు. అంబేడ్కర్‌గానే కట్టుకున్నాడు. ఇంటికి రాజగృహ అని పేరు పెట్టాడు, పుస్తకాలతో నింపాడు. దాక్కున్న సత్రంలో పదకొండు రోజులు కూడా నిలవనీయలేదు. తలెత్తుకొని కట్టిన ఇల్లు ఈరోజుకీ నిలిచి ఉంది. 2020 జూలైలో ఎవరో వచ్చి పూలకుండీలు, అద్దాలు పగలగొట్టినా నిలిచే ఉంది. మావాడు ఆ రెండు ఇళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

మరయితే ఇల్లు కొనొద్దా? కొనాలి. బాజాప్తా కొనాలి. అయితే రెండు పరీక్షలు పెట్టి కొనాలి. ఒకటి నేలకి, ఇంకోటి మనుషులకి.

ముందు నేల సంగతి. అమ్మేవాడి మాట కాదు, కాగితం చూడు. లింకు డాక్యుమెంట్లన్నీ అడుగు. ముప్పయ్యేళ్ళ ఈసీ తీయించు. చిన్నాచితకా కట్టడాలు తప్ప మిగతా ప్రాజెక్టులకి 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగి, నువ్వే సరిచూసుకో. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ఖరీదులో పదిశాతం మించి అడ్వాన్సు తీసుకోవడానికి వీల్లేదని ఆ చట్టమే చెప్తుంది. “బ్యాంకువాడు లోనిచ్చాడు గదా” అని ధీమా పడొద్దు. 2024లో హైదరాబాదులో హైడ్రా చెరువుల్లో కట్టారని ఇళ్ళు కూల్చినప్పుడు, రిజిస్ట్రేషనూ లోనూ రెండూ ఉన్నవాళ్ళు కూడా రోడ్డున పడ్డారు. అదే ఏడు సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. కాబట్టి ఎండాకాలంలో చూసిన స్థలాన్ని వానాకాలంలో మళ్ళీ చూడు. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడో కనుక్కో. గోడల మీద నీటి చారలు చూడు. బ్రోకరు అబద్ధమాడతాడేమోగానీ చార అబద్ధమాడదు.

ఇంకో కాగితం ఉంది. అది మనవాళ్ళు మరీ చూడాలి. ఆ భూమి అసైన్డు భూమా? 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా? సర్కారు భూమిలేని పేదలకిచ్చిన భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవయ్యేళ్ళు దాటినవాటిని అమ్ముకోవచ్చన్నారు. చట్టం బతికున్నన్నాళ్ళూ దాన్ని తొక్కుకుంటూనే పట్నాల చుట్టూ ఎన్ని ఎకరాలు పోయాయి! ఆ ఎకరాలెవరివి? మన మేనత్తలవి, మన చిన్నాన్నలవి. సారా సీసాకీ, పెళ్ళి అప్పుకీ తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకొని లాక్కున్నవి. దాన్నే వెంచరు చేసి, గేటు పెట్టి, ‘అలాంటోళ్ళు రారు’ అని మనకే అమ్మజూపుతున్నారు! కొంటే రెండు రకాల చెడతాం. రేపు సర్కారు వెనక్కి తీసుకుంటే డబ్బు పోద్ది. తీసుకోకపోతే మన అత్త పొలం మీద మనమే మంచమేసుకొని పడుకుంటాం.

ఇక మనుషుల పరీక్ష. బ్రోకరుని అడక్కు. అసోసియేషన్ సెక్రటరీనీ అడక్కు. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్‌ని అడుగు. పొద్దున్నే ఊడ్చే ఆమెని అడుగు. వాళ్ళు చాలాచోట్ల మనవాళ్ళే. పనివాళ్ళకి లిఫ్టు వేరేగా ఉందా? గ్లాసు వేరేగా ఉందా? కూర్చోవడానికి కుర్చీ ఉందా? మాంసం వండితే అసోసియేషన్ నోటీసు పంపుద్దా? ఏప్రిల్ 14న హాలు ఇమ్మంటే ఇస్తారా? అన్నిటికన్నా ముందు, డ్రైనేజీ గుంట నిండితే ఎవర్ని దించుతారు? రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గుంటలోకి మాదిగ కుర్రాణ్ణి తాడు కట్టి దించే కాలనీ, ఎన్ని కెమెరాలు పెట్టినా సేఫ్ కాదు. వాడికి సేఫ్ కానిది రేపు మన పిల్లలకీ కాదు. ఎందుకంటే వాడి కులమే మన పిల్లల సర్టిఫికెట్ల మీద ఉంది.

“చట్టం లేదా?” అంటారు. ఉంది, కానీ చూడండి. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు పేరుపేరునా చెప్పింది. అద్దె ఇల్లు, అమ్మకపు ఇల్లు ఆ జాబితాలో లేవు. 2005లో అహ్మదాబాదులోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇక ఎవడికి వాడు గోడ కట్టుకోడానికి అడ్డేముంది? అయినా మన చేతిలో ఆయుధం లేకపోలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి సామాజిక, ఆర్థిక బహిష్కరణల్ని నేరం చేశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. మామూలుగా అందరితో చేసే లావాదేవీని మనతో చెయ్యననడం ఆర్థిక బహిష్కరణ కిందికి వస్తుంది. ఇల్లు ఇవ్వననడం కూడా అదేనని మనం కోర్టుల్లో వాదించాలి. అట్లా వాదించాలంటే ఒక షరతుంది. మనమెవరమో వాళ్ళకి తెలిసి ఉండాలి! పేరు దాచుకున్నవాడికి ఫిర్యాదు లేదు, సాక్ష్యం లేదు, పక్కన నిలబడేవాళ్ళు లేరు.

దాచుకోవడంలో ఉన్న నరకం మావాడికి తెలియంది కాదు. హాల్లో వేంకటేశ్వరస్వామి, బెడ్‌రూములో బీరువా వెనక అంబేడ్కర్! ఊరినుంచి అమ్మ వస్తే పక్కింటావిడతో మాట్లాడనివ్వరు, యాస బయటపడుద్దని. పిల్లకి స్కాలర్‌షిప్పు వస్తే మిఠాయి పంచరు. చెల్లెమ్మ కూర వండినప్పుడల్లా కిటికీలు మూస్తది. కోటి రూపాయలు పోసి కొనుక్కున్న ఇంట్లో కిటికీ తెరవలేకపోతే అది ఇల్లా, జైలా? ఈ భయానికి మావాడు పెట్టిన పేరు సేఫ్టీ.

ఇంకో మాట కూడా చెప్పాలి, చేదుగా ఉన్నా సరే. ఈ గేటు మోజు మనలోకీ వచ్చింది. ఇల్లు కొన్నాక పల్లెనుంచి వచ్చిన తమ్ముణ్ణి గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపించే ఆఫీసర్లు మనలో లేరా? రిజర్వేషన్ నిచ్చెనెక్కి, ఎక్కాక నిచ్చెన లాగేసేవాళ్ళు లేరా? బ్రోకరు చెప్పే ‘అలాంటోళ్ళు’ అనే మాట మనం కూడా అనడం మొదలుపెడితే, ఆ గోడకి ఇటుక మనమే మోసినట్టు.

కొనేముందు పదిమందితో వెళ్ళండి. ఒక్కరుగా దూరకండి. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎన్ని ఇళ్ళున్నారో వెతికి కలుపుకోండి. వద్దన్నచోట ఎవరు వద్దన్నారో, ఏ తేదీన, ఏ మాట అన్నారో రాసి పెట్టుకోండి. కుల నిరాకరణని ఇళ్ళ విషయంలోనూ నేరం చేసే స్పష్టమైన చట్టం కావాలని సంఘాలన్నీ ఒక్క గొంతుతో అడగాలి. బావి కోసం కొట్లాడాం, హోటల్లో గ్లాసు కోసం కొట్లాడాం. ఫ్లాటు తలుపు దగ్గర ఎందుకు గొంతు తగ్గిస్తున్నాం?

ఇదంతా మావాడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి చెల్లెమ్మే అందుకుంది: “అన్నయ్య చెప్పింది నిజమే. తలుపు మీద మన పేరు పూర్తిగా రాసుకోలేని ఇల్లు నాకొద్దు.”

ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి అడ్వాన్సు జేబులో లేదు. ముందు కాగితాలు అడుగుతాం, తర్వాత వాచ్‌మన్‌తో కూర్చొని టీ తాగుతాం. బ్రోకరు అడక్కముందే మావాడు ఇంటిపేరు చెప్తాడు. ఆ తర్వాత కూడా ఆ కాలనీ ‘సేఫ్’గానే ఉంటదా లేదా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి.

జై భీమ్.